ట్యాపెట్ కవర్ మీద బొట్టు

మా లారీ ఇంజిన్ సగం కేబిన్‌లోనే ఉంటుంది. డ్రైవరు సీటుకీ పక్క సీటుకీ మధ్య ఒక ఇనప డొప్ప, దాని మీద మడత పెట్టిన పాత దుప్పటి. క్లిప్పులు తీసి డొప్ప పైకెత్తితే ఇంజిన్ నెత్తి కనబడుతుంది. ఆ నెత్తి మీద ఉండే పొడవాటి అల్యూమినియం మూతను మా ఊరి షెడ్లలో ట్యాపెట్ కవర్ అంటారు. దాని కింద వాల్వులను తెరిచి మూసే రాకర్లు నూనెలో తడుస్తూ ఆడుతుంటాయి. నూనె బయటికి రాకుండా, దుమ్ము లోపలికి పోకుండా ఆపడమే ఆ మూత పని. మూతకీ ఇంజిన్ హెడ్‌కీ మధ్య ఒక ప్యాకింగ్ పట్టీ, చుట్టూ బోల్టులు. ఇంజిన్ మొత్తంలో విప్పి బిగించడానికి ఇంతకంటే సులువైన భాగం లేదని పాలిటెక్నిక్‌లో మొదటి సంవత్సరమే చెబుతారు.

నాన్న పోయాక మా ఇంట్లో ఆ మూతను ముట్టుకోవడమే కష్టమైంది.

కారణం దాని మీది బొట్టు. దసరాలో ఆయుధ పూజనాడు అందరూ లారీ ముందు అద్దానికీ స్టీరింగుకీ బొట్లు పెడతారు. నాన్న అవి పెట్టాక కేబిన్ ఎక్కి, డొప్ప ఎత్తి, ట్యాపెట్ కవర్ వెనక కొసన కూడా బొటనవేలితో పసుపు పామి మధ్యలో కుంకం అద్దేవాడు. కిందటేడు పెట్టింది కడిగేవాడు కాదు, దాని మీదే కొత్తది పెట్టేవాడు. ఏటేటా పొరలు చేరి, ఇంజిన్ వేడికి ఎండి, నూనె జిడ్డు పీల్చుకుని, అది గట్టి పెచ్చులా తయారైంది. నర్సీపట్నంలో ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా ఇంజిన్‌కి డీజిల్ పిచికారీ కొట్టే ముందు దాని మీద ఒక గుడ్డముక్క కప్పేవాళ్ళు. మేం చెప్పక్కర్లేదు. ఏ బండి మీదైనా ఇంకొకరు పెట్టిన బొట్టును షెడ్డువాళ్ళు కడగరు.

నాన్నకి పసుపంటే అంత నమ్మకం. చిన్నప్పుడు నేను సైకిలు మీంచి పడి మోకాలు చెక్కుకుపోతే, రక్తం ఆగేలోపే చిటికెడు పసుపు తెచ్చి అదిమేవాడు. ఆ పసుపు కూడా కొండ మీద సంతలో తనే ఏరి కొన్న కొమ్ములు కొట్టించింది. పసుపు అదిమాక మళ్ళీ ఆ దెబ్బ వైపు చూసేవాడు కాదు. పద పద, ఏమీ లేదు అనేవాడు.

ఆయన చివరిసారి పెట్టిన బొట్టు సరిగ్గా కుదరలేదు. అప్పటికే కడుపులో నొప్పి ఉందట. అడిగినవాళ్ళకి గ్యాస్ అని చెప్పి మాత్రలు మింగుతున్నాడు. ఆ రోజు చెయ్యి వణికి కుంకం కిందికి జారింది, చిన్న తోకలాగా. పుష్యమాసంలో విశాఖపట్నం ఆస్పత్రిలో పోయాడు. ముందే వచ్చి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, అమ్మ మొహం చూసి ఆపేశాడు.

తర్వాత లారీ మావయ్య చేతికి వచ్చింది. మావయ్య అంటే అమ్మకి తమ్ముడు, అక్కని అప్పా అంటాడు. నాన్న దగ్గర క్లీనరుగా చేరి, ఆయన పక్కన కూర్చునే బండి నేర్చుకున్నాడు. కొండ పైకి సిమెంటు, ఇనప చువ్వలు తీసుకెళ్ళేవాడు. కిందికి సంతలో ఏది దొరికితే అది: పసుపు, కాఫీ గింజలు, వానలప్పుడు అనాస పళ్ళు. రెండు ఇళ్ళు గడిచేది ఆ బండి మీదే. నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుని నడిపేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగితే, "మీ అత్త బెల్టు కొననివ్వలేదల్లుడూ" అని నవ్వాడు.

నేను అనకాపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తూ సెలవు రోజుల్లో ఇంటికి వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా ఒకటి గమనించాను. లారీ ఇంటి ముందు ఉన్న రోజు అమ్మ వాకిలి ఊడ్చి, చీపురు గోడకి ఆనించి, కేబిన్ ఎక్కేది. డొప్ప ఎత్తి ఆ బొట్టు చూసేది. దణ్ణం పెట్టేది కాదు, ఏడ్చేది కాదు. చూసి, మూసి, దిగి, కాఫీ పెట్టేది. ఏడాది దాకా మా ఇంట్లో పూజలు లేవు, బొట్లు లేవు. ఇంట్లో పసుపు కుంకాల డబ్బా మూత తీసినవాళ్ళు లేరు. నాన్న చేత్తో పెట్టింది ఏదైనా మిగిలిందంటే అదొక్కటే.

వానలు పడ్డాక మావయ్య పొగ సంగతి చెప్పాడు. డౌనూరు దాటి ఘాట్ మొదలయ్యాక, రెండో గేరులో ఎక్కుతున్నప్పుడు, డొప్ప అంచుల్లోంచి మాడిన నూనె వాసన, ఆపైన నీలం పొగ. ట్యాపెట్ కవర్ దగ్గర నూనె కారి, పక్కనున్న ఎగ్జాస్టు గొట్టాల మీద పడుతోంది. ఎక్కుడులో ఆ గొట్టాలు నిప్పులా కాలతాయి. నూనె చుక్కలుగా పడుతున్నంతసేపూ పొగే. ధారగా పడిన రోజున మంట. ఆ మంట డ్రైవరు మోకాలి పక్కనే లేస్తుంది. ఘాట్‌లో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బండి ఆపి దూకడానికి చోటు వెతుక్కోవాలి.

మావయ్య ఇదంతా అమ్మకి చెప్పలేదు. కొంచెం నూనె కారుతోందప్పా అన్నాడంతే. మిగతాది నేను చెప్పాను. అమ్మ విని చాలాసేపు బియ్యం ఏరుతూ ఉండిపోయింది. తర్వాత అంది:

"ఏటి మార్సుకుంటారో మార్సుకోండి. ఆ మూత మాత్రం ఉండాల. దాని మీదది సెరపొద్దు."

ఏ పనైనా మొదలుపెట్టే ముందు కారణాలు వరసగా పెట్టుకోవడం నాకు అలవాటు. అక్కడ నూనె కారడానికి కారణాలు నాలుగు. ప్యాకింగ్ ఎండి గట్టిపడటం. బోల్టులు ఎక్కువ బిగించడం వల్ల మూత అంచు వంగడం. లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం పూడుకుపోయి ఒత్తిడి పెరగడం. చివరిది, మూతే పగలడం. మొదటి మూడింటికీ బొట్టును ముట్టుకోనక్కర్లేదు. బలిఘట్టం రోడ్డులో మా బండి ఎప్పుడూ చూసే మేస్త్రీ షెడ్డులో పెట్టి, నేనూ మేస్త్రీ కలిసి ఆ మూడూ చేశాం. పాత ప్యాకింగ్ గీకి కొత్తది వేశాం. గొట్టం శుభ్రం చేశాం. మూతను అద్దం పలక మీద బోర్లించి అంచు చూస్తే ఎక్కడా వంపు లేదు. పగులు కోసం కడిగిన చోటల్లా వెతికాం, లేదు. లోపలి వైపు వెనక కొసన, నూనె చిమ్మకుండా రివెట్లతో బిగించిన రేకు ఒకటి అడ్డం ఉంది. పై వైపు అదే చోట బొట్టు ఉంది. ఆ రెండింటి మధ్య ఉన్న అరచేయంత జాగా మాత్రం మేం చూడలేదు. చూడలేదన్న ఆలోచన కూడా మాకు రాలేదు. బొట్టు మీద చెయ్యి పడకుండా నేను మూతను రెండు కొసలా పట్టుకుని తిరుగుతుంటే మేస్త్రీ, "డిప్లమాగారూ, సంటిపిల్లని కూడా ఇంత జాగర్తగా ఎవులూ ఎత్తరు" అన్నాడు. అంటూనే తనూ పిచికారీ కొట్టే ముందు దాని మీద గుడ్డ కప్పాడు.

తర్వాతి ట్రిప్పులో మళ్ళీ పొగ వచ్చింది. ఈసారి మావయ్య తడి గోనెసంచి ఒకటి సీటు కింద పెట్టుకుని వెళ్ళాడట. ఆ సంచి అమ్మ కంటబడింది. ఇదెందుకురా అని అడిగింది. ఎండకి చల్లగా ఉంటదని చెప్పాడు. వానలు కురుస్తున్న రోజుల్లో.

ఆ వారం నేను అనకాపల్లిలో కొత్త కవర్ కొని తెచ్చాను. అట్టపెట్టెలో ఉన్నదాన్ని అలాగే మంచం కింద పెట్టాను. అమ్మకి అదేమిటో తెలుసు. మంచం కింద ఊడ్చేటప్పుడు పెట్టెను జరిపి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టింది. నేనూ ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం నాడు వాన తెరిపి ఇచ్చింది. మేస్త్రీని ఇంటికే రమ్మన్నాను. నూనె ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చాలంటే ఒక సులువైన పద్ధతి ఉంది. చుట్టూ జిడ్డు లేకుండా తుడిచి, మొహానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లి, ఇంజిన్ నడపాలి. నూనె మొదలైన చోటు నుంచి తెల్లటి పొడి మీద నల్లగా గీత పడుతుంది. నేను పౌడర్ చల్లాను. మావయ్య బండి స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ తొక్కి పట్టుకున్నాడు. ప్యాకింగ్ అంచు పొడిగానే ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక గీత కనబడింది. అది ప్యాకింగ్ దగ్గర మొదలవలేదు. బొట్టు కింది అంచు నుంచి, కుంకం జారిన ఆ తోక పక్కనే పుట్టి, మూత వాలున దిగి, ప్యాకింగ్ మీదుగా గొట్టాల వైపు వెళ్ళింది.

మేస్త్రీ నా వైపు చూశాడు. మావయ్య ఇంజిన్ ఆపాడు. నేను కిందికి దిగి, అమ్మను పిలిచి, వచ్చి చూడమన్నాను.

అమ్మ చెంగు బొడ్లో దోపుకుని కేబిన్ ఎక్కింది. తెల్లటి పొడి, మధ్యలో పసుపు పెచ్చు, దాని కింద తడి గీత. చెప్పడానికి నేను కొన్ని మాటలు సిద్ధం చేసుకున్నాను. వాటి అవసరం రాలేదు. గీత మీద వేలు పెట్టి కింది నుంచి పైకి జరిపింది, బొట్టు దగ్గర ఆగింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. బయట రోడ్డు మీద గొలుగొండ వైపు వెళ్ళే ఆటోవాడు ఎవరి కోసమో హారన్ కొడుతున్నాడు. ఆ హారన్ ఆగాక అమ్మ మావయ్యను అడిగింది.

"ఆ గోనిసంచి ఇందుకేనేట్రా?"

మావయ్య సీటు కింది సంచిని మడమతో వెనక్కి నెట్టాడు.

"డీజిల్ గుడ్డ ఇలాతే" అంది నాతో.

మేస్త్రీ తను తుడుస్తానన్నాడు. వినలేదు. తనే తుడిచింది. ముందు జారిన తోక పోయింది, అంటే నాన్న చివరిసారి పెట్టింది. దాని కింద పసుపు, మళ్ళీ కుంకం, మళ్ళీ పసుపు, లోపలికి పోయేకొద్దీ నల్లబడిన పొరలు. గుడ్డకి రానివాటిని ప్యాకింగ్ గీకే రేకుతో గీకింది. పెచ్చులు ఆమె ఒళ్ళో పడుతుంటే దులుపుకోలేదు. నేను కేబిన్ మెట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఆపమని అనాలనిపించింది, అనలేదు. పొగ గురించి ఆమెకి చెప్పింది నేనే.

పెచ్చు మొత్తం ఊడాక అల్యూమినియం కనబడాలి. బూడిద రంగు ముద్ద కనబడింది. రేడియేటర్ కారితేనో, ట్యాంకు చెమ్మగిల్లితేనో అప్పటికప్పుడు అతికించడానికి డ్రైవర్లు దగ్గర పెట్టుకునే, రెండు ముక్కలు కలిపి పిసికే ముద్ద. రాయిలా ఎండి ఉంది. మధ్యలో బొటనవేలితో నొక్కిన గుంట ఉంది. మేస్త్రీ స్క్రూడ్రైవరు కొసతో అంచు ఎత్తితే పెటుక్కున విరిగింది. దాని కింద బోల్టు రంధ్రం నుంచి మొదలై, వెంట్రుక లాంటి పగులు.

మేస్త్రీ అది తన షెడ్డులో వేసింది కాదన్నాడు. ఎప్పుడో పాతది, దారిలో వేసుకుని ఉంటాడన్నాడు. అంటే బొట్టు పెట్టడం మొదలైన ఏడాదికి ముందే మూత పగిలింది. నాన్న ముద్ద వేసి, పైన పసుపు రాసి, ఆ విషయం మరిచిపోయాడో, మరిచిపోవాలనుకున్నాడో. దానిమీదే ఇన్నేళ్ళు ఘాట్ ఎక్కాడు.

"నాకూ సెప్పలేదప్పా బావ. పక్కనే కూకునీవోణ్ణి" అన్నాడు మావయ్య.

"నీకు సెప్తాడేటి? పొట్టలో నొప్పి నాకే సెప్పలేదు." అమ్మ చేతిలోని ముద్ద ముక్కను తిప్పి చూసింది. గుంటలో తన బొటనవేలు పెట్టింది. వేలు అందులో వదులుగా ఉంది. "ఈ మనిసికి అన్నిటికీ ఒకటే మందు. లోపల ముద్దెట్టీసి, పైన పసుపు రాసీసి, ఏటీ లేదు పదండి అనీడమే."

గొంతు పెంచలేదు. నాన్న ఎదురుగా కూర్చుని ఉంటే ఎలా అనేదో అలాగే అంది. ఆయన పోయిన తర్వాత ఆయన మీద ఆమె కోపం నేను చూడటం అదే మొదటిసారి. ఆ ముక్కను డాష్‌బోర్డు మీద పెట్టి, చేతులు తుడుచుకుని, "మంచం కిందది తెచ్చుకో" అంది నాతో, కిందికి దిగుతూ.

మిగతాది పనే. ఆవిరి గొట్టం ఊడదీశాం. బోల్టులను కొసల నుంచి మధ్యకి కొద్దికొద్దిగా వదులు చేస్తూ విప్పి, ఏ రంధ్రానిది ఆ వరసలో ఒక గుడ్డ మీద పరిచాను. పాత కవర్ ఎత్తాక, చెత్త లోపల పడకుండా రాకర్ల మీద శుభ్రమైన గుడ్డ కప్పి, హెడ్ మీది అంచు గీకాను. తెరిచే ఉంది కదా అని మేస్త్రీ వాల్వుల సందు సరిచూశాడు. కొత్త ప్యాకింగ్ పొడిగా కూర్చోబెట్టాం, గమ్ము లేకుండా. కొత్త కవర్ పెట్టి బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి కొసలకి ఎదురెదురుగా, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా బిగించాం. బోల్టు పట్టుకుంటున్నప్పుడు అలవాటు కొద్దీ గట్టిగా లాగబోయిన మావయ్య మణికట్టు మీద మేస్త్రీ స్పానర్‌తో మెల్లిగా కొట్టాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి, మళ్ళీ పౌడర్ చల్లి, వేడెక్కేదాకా నడిపి చూశాం. తెల్లటి పొడి తెల్లగానే ఉంది.

పాత కవర్ ఏం చెయ్యమంటారని మేస్త్రీ నన్ను అడిగాడు. నేను అమ్మ వైపు చూశాను. పగిలిందానితో ఏం పని, తూకానికి వేసెయ్యమంది. అతను తన మోటారుసైకిలు వెనక కట్టుకుని వెళ్ళిపోయాడు. ముద్ద ముక్క డాష్‌బోర్డు మీద కొన్నాళ్ళుంది. తర్వాత ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

మర్నాడు తెల్లవారగానే సిమెంటు లోడు పైకి వెళ్ళాలి. నేనూ సెలవు పెట్టి మావయ్య పక్కన ఎక్కాను. బయల్దేరే ముందు మావయ్య డొప్ప ఎత్తి, కొత్త కవర్ వైపు చూసి తటపటాయించాడు. మెరుస్తూ, ఏ గుర్తూ లేకుండా ఉంది.

"అప్పా" అని పిలిచాడు. "ఏడాది మాట పక్కనెట్టు. కూసింత పసుపు అద్దీ. బోడిగా ఉంటే ఎలగెక్కుతాం ఘాటు?"

అమ్మ చీపురుతోనే దగ్గరికి వచ్చింది.

"ఏటీ ఎట్టొద్దు. ఏడాదెల్లినా దానికి ఎట్టొద్దు. ఎడితే అద్దానికి ఎట్టుకో. అది కారిందంటే కంటికి కనబడాల."

మావయ్య డొప్ప మూశాడు.

డౌనూరు దాటాక ఇద్దరం మాటలు ఆపేశాం. రెండో గేరు. మలుపుల దగ్గర మంచు రోడ్డు మీదికి దిగి ఉంది. నేను డొప్ప అంచుల వైపే చూస్తూ ముక్కుతో గాలి పీలుస్తూ కూర్చున్నాను. డీజిల్ వాసన, తడి మట్టి వాసన, మావయ్య నడుముకి రాసుకున్న బామ్ వాసన. మాడిన నూనె వాసన లేదు. లంబసింగి చేరాక టీ దుకాణం పక్కన బండి ఆపాడు. డొప్ప ఎత్తి, కవర్ చుట్టూ వేలు తిప్పి, ఆ వేలు నాకు చూపించాడు. పొడిగా ఉంది. అలవాటుగా ఆ వేలు కళ్ళకద్దుకున్నాడు.

నేను అమ్మకి ఫోన్ చేశాను. పొగ రాలేదని చెప్పాను. నూనె చుక్క లేదని చెప్పాను. ఊఁ అంది. మావయ్యకి ఇమ్మంది. చలికి అతని చేతిలో టీ గ్లాసు ఉంటే, నేనే స్పీకర్ పెట్టి పట్టుకున్నాను.

"ఒరే తమ్ముడా. బండి సరే. నీకేటైనా ఉంటే ఇప్పుడే సెప్పీ."

మావయ్య నవ్వబోయాడు. నాకేటప్పా, నిక్షేపంలా ఉన్నాను అనే మాట అతని పెదాల దాకా వచ్చినట్టే కనిపించింది. ఫోన్‌లో మా ఇంటి ముందు నుంచి వెళ్ళే బస్సు చప్పుడు వినబడుతోంది. మావయ్య టీ గ్లాసు బంపర్ మీద పెట్టాడు. నడుముకి కట్టిన తువ్వాలు ముడి మీద చెయ్యి వేసుకున్నాడు.

"నడుం, అప్పా" అన్నాడు. "కుడికాల్లోకి దిగుతంది. బ్రేకు మీద కాలు మొద్దుబారిపోతంది ఒక్కోసారి."

"ఎన్నాళ్ళయిందిరా?"

"బావ ఉన్నప్పుడే."

ఘాట్ దిగేటప్పుడు మెల్లిగా దిగమంది అమ్మ. దిగాక ఇంటికి కాకుండా ముందు ఆస్పత్రి దగ్గరికి రమ్మంది. తను అక్కడే గేటు దగ్గర ఉంటానంది.